ఏ ఇంటి ఆకు ఆ ఇంటికే

మామ పోయాడన్న కబురు నాకు పని మీద పోయిన ధర్మవరంలో, మంగలి కుర్చీలో తెలిసింది. ఒక చెంప గీయడం అయిపోయింది, రెండో చెంప మీద నురగ ఆరుతోంది. హిందూపురంలో నా సైకిల్ షాపును ఇప్పుడు చూసుకుంటున్న మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. "పెద్దనాయనా, తోట మామ తెల్లార్తో పోయినాడు. మధ్యాన్నం నమాజు అయితానే మన్ను చేస్తారంట" అన్నాడు. లేచి నిలబడితే మంగలి భుజం పట్టి మళ్లీ కూర్చోబెట్టాడు. సగం గడ్డంతో చావింటికి పోతే పోయినాయన కూడా నవ్వుతాడని ఆయన వాదన. నిజమే, మామ నవ్వేవాడే. కానీ ఆ రెండో చెంప పూర్తయ్యేలోపల ప్యాసింజర్ వెళ్లిపోయింది. బస్సు పట్టుకుని హిందూపురం చేరేసరికి జనం ఖబరస్తాన్ నుంచి తిరిగి వచ్చి వీధి కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నారు. అక్కడికి పోయిన ప్రతి మనిషీ గుంతలో పిడికిళ్లతో మన్ను వేసి వస్తాడు. నా పిడికిలి ఖాళీగా మిగిలిపోయింది.

మామ అంటే నా మేనమామ కాదు. మా ఊళ్లో మామ అని పిలవడానికి చుట్టరికం అక్కర్లేదు, ఒక గోడకు అటూ ఇటూ ఉంటే చాలు. ఆయన ఇంటి వెనక గోడే నా షాపు పక్క గోడ. ఆయన నన్ను అల్లుడా అనేవాడు, ఆయన భార్యను నేను అత్తా అనేవాణ్ని. వయసులో మా ఇద్దరికీ పెద్ద తేడా లేదు గానీ, మామ ఎప్పుడూ మామలాగే నడుచుకున్నాడు. అంటే, అడగకుండా వచ్చి నా స్టూలు మీద కూర్చునేవాడు, నా టీలో సగం తాగేవాడు, నా బేరాల్లో తలదూర్చేవాడు.

"నువ్వు చదువుకున్నోడివి అల్లుడా" అని ఎత్తిపొడవడం ఒకటి. నేను బడిలో చదివింది అయిదో తరగతి. మిగిలిన చదువంతా బెల్లం, చింతపండు కట్టిచ్చిన కాగితాల మీద జరిగింది. అందుకే నాకు తెలిసిన ఏ విషయానికీ చివర ఉండదు. పొట్లం ఎక్కడ చిరిగితే నా విద్య అక్కడ ఆగుతుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మామ సంగతి కూడా నాకు అలాగే తెలుసు. అంచులు చిరిగిన కాగితంలాగా.

తొంభైలలో మా ఊరికి కొత్త ఇళ్ల వీధులు వచ్చాయి. కాంపౌండు గోడ, ఇనుప గేటు, గేటు పక్కన గులాబీ, క్రోటన్లు. ఇంట్లోవాళ్లకు చెట్లంటే ఇష్టమే గానీ వాటిని చూసుకునే తీరిక లేదు. అంతకుముందు రైతుల మల్బరీ తోటల్లో పనిచేసిన మామ ఈ ఇళ్ల తోటలు పట్టుకున్నాడు. ఇద్దరు మనుషులను పెట్టుకున్నాడు. పాత రిక్షా ఇరుసు వేసి మూడు చక్రాల బండి నేనే తయారు చేసిచ్చాను. అది ఎడమవైపుకు లాగేది. బతికినన్నాళ్లూ ఆ మాట నాతో అంటూనే ఉన్నాడు.

ఆ రోజుల్లో తోటపని అంటే కొమ్మలు నరకడం, ఆకు ఊడవడం, అదంతా వీధి చివర కుప్పపోసి అగ్గిపుల్ల గీయడం. పొద్దున పూట ఊరంతా ఆకు పొగే. మామ మాత్రం ఆకు కాల్చేవాడు కాదు. బీడీ మనిషి, అగ్గిపెట్టె ఎప్పుడూ జేబులోనే ఉండేది. ఒకసారి అడిగితే, "ఆకంటే చెట్టు రేపటికని దాచిపెట్టుకున్న సద్ది అల్లుడా. సద్దిని తీసి పొయిలో పెడతావా?" అన్నాడు.

చింతపండు గోడౌను వెనక ఒక శెట్టి గారి ఖాళీ స్థలం ఉంది. మామ కసువు కుప్పలుంటే ఇంకెవరూ గుడిసె వేసుకోరనే లెక్కతో శెట్టి దాన్ని వాడుకోనిచ్చాడు. అక్కడ మామ గుంతలు తవ్వి ఆకు పోసి, పేడనీళ్లు చల్లి, పైన మన్ను కప్పేవాడు. ఇంతవరకు ఎవరైనా చేసే పనే. ఆయన పిచ్చి తర్వాత మొదలవుతుంది. ఏ ఇంటి ఆకు ఆ ఇంటికే వేరే గుంత. ఒకరి ఆకు ఒకరితో కలిపేవాడు కాదు. ఏడాది తిరిగేసరికి మాగిన ఎరువు జల్లించి, ఏ ఇంటి నుంచి ఆకు తెచ్చాడో ఆ ఇంటి చెట్ల మొదట్లోనే పోసి వచ్చేవాడు. గుర్తుకు ప్రతి గుంత మీదా ఒక కట్టె పాతి, దానికి ఆ ఇంటి విరిగిన వస్తువు ఏదో ఒకటి తగిలించేవాడు. పిడి ఊడిన కప్పు, తెగిన చెప్పు, బొమ్మ చెయ్యి. చూసేవాళ్లకు అదేదో చేతబడి స్థలంలా ఉండేది. దొంగలు కూడా అటు పోయేవాళ్లు కాదు.

వ్యవసాయం చదివిన ఒక ఇంటి అల్లుడు వచ్చి, ఇట్లా వేరు వేరుగా వేస్తే కొన్ని ఆకులు ఆలస్యంగా మాగుతాయని, అన్నీ కలిపితేనే మంచి ఎరువు అవుతుందని చెప్పాడు. చెప్పింది సరైనదే. మామకూ ఆ సంగతి తెలుసు. "మంచి ఎరువు కావాలంటే కలపాల్సిందే సార్. నేను ఎరువు చేసేకి కాదు, వాళ్ల ఆకు వాళ్లకు ఇచ్చేకి చేస్తాండా" అన్నాడు. ఆ అల్లుడు నావైపు చూశాడు. నేను టైరు పంచరు వైపు చూశాను.

ఆ కాలంలోనే ప్లాస్టిక్ కవర్లు మొదలయ్యాయి. పాల ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు ఆకులో కలిసి వచ్చేవి. మామ వాటిని ఏరి, కడిగి, మూట కట్టి ఆ ఇంటి గేటుకే తగిలించి వచ్చేవాడు. ఒకావిడ గేటు దగ్గర నిలబడి మా ఇంటి ముందర చెత్త కడతావా అని కేకలేసింది. "చెత్త కాదమ్మా, మీ సామాను" అన్నాడు మామ. ఇంకొక ఇంట్లో కనబడకుండా పోయి ఏడాదిగా పనిమనిషి మీద అనుమానం తెచ్చిన చెంచా ఎరువు జల్లెడలో తేలింది. దాన్ని ఇంటివాళ్ల చేతికి ఇవ్వకుండా, అందరూ వాకిట్లో ఉన్నప్పుడు ఆ పనిమనిషి చేతికే ఇచ్చాడట. నేను చూడలేదు. ఆమే వచ్చి నా షాపు దగ్గర చెప్పింది, చెబుతూ ఏడ్చింది, నవ్వింది.

అసలు చెప్పవలసింది టీచరమ్మ సంగతి. నేను దారి తప్పకుండా ఎప్పుడు చెప్పాను గనక.

టీచరమ్మ బాడుగ ఇంట్లో ఒక్కతే ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఆ వాకిట్లో తాను నాటిన బాదం చెట్టు ఉండేది. బాదం ఆకు రాలేముందు ఎర్రబడుతుంది. చలికాలంలో ఆ వాకిలి చూస్తే ఎవరో ఎర్ర గుడ్డలు ఆరేసినట్టు ఉండేది. మామ మనుషులను ఆమె ఊడవనిచ్చేది కాదు. తానే చీపురు పట్టి, కొంగు దోపుకుని, ఆకంతా ఒక మూలకు చేర్చి మామకు అప్పజెప్పేది. రెండు వేల సంవత్సరం దాటాక ఆ ఇంటి సొంతదారు దాన్ని అమ్మేశాడు. కొన్నవాళ్లు ఇల్లు పడగొట్టి, చెట్టు నరికి, అంగళ్లు కట్టారు. గోడ నుంచి గోడదాకా సిమెంటు. టీచరమ్మ ధర్మవరంలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. ఆమె ఆఖరిసారి ఊడ్చిన ఆకు మాత్రం గోడౌను వెనక గుంతలో మిగిలిపోయింది.

ఆకు ఉంది, ఇల్లు లేదు. మామకు నిద్ర పట్టని సమస్య అదే. ఎరువు మాగింది. అడిగినవాళ్లకు ఇవ్వలేదు. పార్కులో వేయమని నేను చెప్పాను, వినలేదు. వాన వస్తే గోనెపట్టా కప్పేవాడు, ఎండ వస్తే తీసేవాడు. అట్లా ఒక వానాకాలం గడిచింది. ఒక పొద్దున కుట్టిన గోనెసంచులు బండి మీద వేసుకుని షాపు ముందు ఆగాడు.

"లేయ్ అల్లుడా, ధర్మవరం పోదాం."

"ఇల్లే లేదు కదా మామా, ఎవరికని ఇస్తావు?"

"ఇల్లు పోతే పోనీ. ఊడ్చిన చెయ్యి ఉండాది కదా."

ప్యాసింజర్‌లో సంచులు ఎక్కించాం. పెనుకొండలో ఒక చెనక్కాయల రైతు ఎక్కాడు. కూర్చుంటూనే వాసన పట్టాడు. సంచి కుట్టులో వేలు దూర్చి, ఇంత తీసి, వేళ్ల మధ్య నలిపి చూసి, ఒక సంచి ఇమ్మని మామ వెంట పడ్డాడు. మామ ఒప్పుకోలేదు. ఇది మనది కాదప్పా అంటాడు, ఎవరిదో చెప్పు నేనే అడుగుతా అని ఆయన అంటాడు. చివరికి అలిగి వేరే సీటుకు పోయాడు. మామ కిటికీలోంచి పెనుకొండ కొండను చాలాసేపు చూసి, "ఆ కొండ మీద రాలే ఆకును ఎవురూ ఊడవరు. అదృష్టం" అన్నాడు. చెట్ల అదృష్టమా, తన అదృష్టమా, నేను అడగలేదు.

ధర్మవరంలో ఆ ఇల్లు మగ్గాల ఇల్లు. వీధి నుంచి పెరటిదాకా గచ్చు. టీచరమ్మ నడవలో కూర్చుని పట్టు నూలు చుడుతోంది. మమ్మల్నీ సంచులనూ చూసి లేచి వచ్చింది. విషయం విన్నాక, "ఈడ చెంచాడు మన్ను కూడా లేదు కదప్పా. దీన్ని నేనేం చేసుకునేది?" అంది. మామ గడపలోనే నిలబడిపోయాడు. ఊడ్చిన చెయ్యి కనబడింది, పోసే చోటు లేదు. మళ్లీ ఆ సంచులు మోయాల్సిందేనని నేను లోపల నా నడుము గురించి ఆలోచిస్తున్నాను.

ఆమె వంగి ఒక సంచి మూతి విప్పింది. దోసిలిలోకి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇందులో ఇంకేమీ కలపలేదు కదా?"

"కలిపేదే అయితే ఇంత దూరం ఎందుకొస్తానమ్మా."

ఆమె లోపలికి వెళ్లింది. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు నూలుకు రంగు వేసే పాత తొట్లు, చిల్లులు పడినవి, ఒకదాని తర్వాత ఒకటి ఈడ్చుకొచ్చింది. మిద్దె మీదికి ఎక్కించండి అంది. అంతే, మా నడుములు ఆ రోజు ఎందుకూ పనికి రాకుండా పోయాయి.

ఆ తొట్లలో తర్వాత మల్లె, కరివేపాకు, గోరింట లేచాయి. ఆ రోజు మేము బయల్దేరుతుంటే టీచరమ్మ అడిగింది, ఇక వీటిలో రాలే ఆకును ఏం చెయ్యాలని. మామ ఆలోచించలేదు. "దాచిపెట్టండి. వస్తా" అన్నాడు.

వచ్చాడు కూడా. ప్రతి చలికాలం ఒక సంచి ఎరువు పట్టుకుపోయి, ఒక సంచి ఎండాకు పట్టుకొచ్చేవాడు. రైల్లో ఎండాకు మోసుకొచ్చేవాళ్లలో నేను ఆయన్ను ఒక్కణ్నే చూశాను. స్టేషన్లో కూలీలు నవ్వేవాళ్లు. నేను మోకాళ్లు సహకరించినప్పుడు తోడు పోయేవాణ్ని, మిగతా ఏళ్లు షాపులో కూర్చుని ఆయన వెనక్కి వచ్చే బండి చప్పుడు కోసం చెవి పెట్టుకుని ఉండేవాణ్ని. ఆ ఎడమవైపు లాగే చక్రం చప్పుడు ఇప్పుడు వినపడాలంటే ఎక్కడికి పోవాలి? నా టీ మొత్తం నేనే తాగవలసి వస్తోంది. ఇంత టీ ఉంటుందని నాకు తెలియదు. వీధి చివర పొద్దున మళ్లీ పొగ లేస్తోంది.

మన్ను వేయడానికి అందని ఆ రోజు నేను అత్త దగ్గరికి వెళ్లాను. భర్త పోయిన ఆడవాళ్ల ఆచారం ప్రకారం తెర వెనక కూర్చుని ఉంది. తెరకు ఇవతల చాప మీద కూర్చున్నాను. తెర వెనక నుంచి ఆమే అంది, "టీచరమ్మ ఆకు కోసరం పోయిన వారమే గుంత తవ్వి పెట్టినాడు అల్లుడా. అది అట్లే నోరు తెరుచుకొని ఉండాది."

గోడౌను వెనక్కి పోయి చూశాను. అంచులు చక్కగా చెక్కిన గుంత. పక్కన తవ్వితీసిన మన్ను, పైన ఇంకా పార.

మర్నాడే మళ్లీ ధర్మవరం వెళ్లాను. టీచరమ్మకు కబురు చేరలేదు. మిద్దె మీద తొట్ల మధ్య ఉంది, ఆకు సంచి మూతి కట్టి మెట్ల దగ్గర సిద్ధంగా పెట్టి ఉంది. "ఒక్కడివే వచ్చినావే? ఆయన రాలేదా?" అంది. చెప్పాను. ఆమె తొట్టి అంచు మీద కూర్చుంది. కింద మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

మెట్ల దగ్గరి సంచి వైపు చూసి, "అయితే ఈ ఆకు?" అంది.

"గుంత తవ్విపెట్టే పోయినాడమ్మా. నేను తీసుకపోతా."

ఆమె లేచి చీపురు తీసుకుంది. ఆ పూట రాలింది ఎంతో లేదు, మల్లె తొట్టి కింద నాలుగాకులు. వాటినీ ఊడ్చి, సంచి విప్పి అందులో వేసి, మళ్లీ గట్టిగా ముడి వేసింది. మెట్ల కిందిదాకా సంచి రెండో కొస తానే పట్టుకుంది.

ప్యాసింజర్‌లో సంచిని పక్క సీట్లో పెట్టుకున్నాను. పెనుకొండలో జనం ఎక్కారు. ఒక ముసలాయన నిలబడలేక, సంచిని కొంచెం జరిపి ఆ సందులో కూర్చున్నాడు. ఏముండాదప్పా ఇందులో అని అడిగాడు. ఆకు అన్నాను. ఓహో అని తల ఊపాడు, మనుషులు రైల్లో మామూలుగా మోసేది ఆకే అన్నట్టు. కాసేపటికి ఆ సంచి మీదే తల వాల్చి నిద్రపోయాడు. ఆయన ఊపిరి తీసి వదిలినప్పుడల్లా లోపల ఆకు సన్నగా గలగలమంటోంది. హిందూపురం వచ్చేదాకా నేను కదలలేదు.