సున్నపు దుమ్ములో అమ్మ

ఢిల్లీలో ఈ ఉదయం బాల్కనీలోకి వస్తే ఎదురు అపార్ట్‌మెంట్ కనపడలేదు. దుమ్ము, పొగ కలిసి దాన్ని పూర్తిగా కప్పేశాయి. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర పెరిగిన నేస్తాలూ, మన గడపల మీద పేరుకునే తెల్లటి దుమ్ము గుర్తుందా?

మా అమ్మ బట్టీలో పనిచేసేది. నాకు ఐదేళ్లప్పుడు ఓ సాయంత్రం ఒక్కదాన్నే ఆమెకు ఎదురెళ్లాను. లారీకి సున్నం ఎత్తుతున్నారు. ఆ దుమ్ములో దారే కనపడలేదు. జుట్టు, కనురెప్పలు తెల్లబడిన ముసలామె ఎవరో నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని గట్టిగా ఏడ్చాను.

"ఏందే, నేను మీ అమ్మనే!" అంది.

గొంతు విన్నాకే నమ్మాను. అప్పటికి అమ్మకు ముప్పయ్యేళ్లు కూడా లేవు. నవ్వింది గానీ, దారంతా కొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉంది.

మర్నాటి నుంచి ఎంత అలసిపోయినా, బోరింగు దగ్గర ముఖం కడుక్కుంటే గానీ ఇంటికి వచ్చేది కాదు.