అక్క చెంప మీది మచ్చ

ఫోటో దిగడం ఒక పూట పని, అది చేతికి రావడం ఎనిమిది రోజుల పని అయిన కాలం మాది. ఇప్పటివాళ్లు ఫోన్ నిండా ఫోటోలు పెట్టుకుని, అందులో ఒక్కటి కాగితం మీదికి తేవడానికి వారం రోజులు చర్చలు జరుపుతారు. (గోడకు ఒక్కటీ ఉండదు, చర్చ మాత్రం ఉంటుంది.) పోయిన నెల కరీంనగర్‌లో మా ఇంట్లో అదే చర్చ. జమ్మికుంటలో ఉండే మా అక్క పాత ఫోటో ఒకటి పెద్దదిగా వేయించాలి. మనవరాలు ఫోన్‌లో ఎవరెవరి అభిప్రాయాలో చదివీ చదివీ అలసిపోయి, "తాతా, ఇంట్ల ఫోటో ప్రింటర్ కొందామా, బయట ఏపిద్దామా?" అని నన్ను అడిగింది. ఈ ఇంట్లో నన్ను సలహా అడిగి చాలా కాలమైంది. కుర్చీలో సర్దుకుని కూర్చుని, "బయటికే పంపు. ఇంట్ల ఫోటోలు కడిగితే ఏమైతదో నాకెరుక" అన్నాను.

ఎట్లా ఎరుకో చెప్పాలంటే శ్రీరాంపూర్ క్వార్టర్ దాకా పోవాలి. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. బాపు బొగ్గు గనిలో దిగేవాడు. నేను గని పైన, కార్మికుల టోపీ దీపాలకు చార్జింగ్ పెట్టే గదిలో పనిచేసేవాణ్ణి. బడి నన్ను ఏడో తరగతిలోనే వదిలేసింది. ఫోటోలు కడిగే విద్య మాత్రం అట్టలేని ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని, ఒక డిక్షనరీని పక్కపక్కన పెట్టుకుని నేనే నేర్చుకున్నాను. (ఇప్పుడు పది నిమిషాల వీడియో చూసి దాన్ని చదువంటున్నారు.) మంచిర్యాలలో ఒక స్టూడియో మూతపడుతుంటే, నెగెటివ్‌ను కాగితం మీద పెద్దగా చూపే ఎన్‌లార్జర్‌ను వాళ్ల దగ్గర కొని, బాత్రూంలో పెట్టాను. క్వార్టర్ మొత్తంలో చీకటి చేయగలిగిన గది అదొక్కటే. తలుపు సందులకు దుప్పటి, బల్బుకు ఎర్ర కాగితం, ఫోటో కడిగే మందునీళ్లకు అవ్వ పిండి పిసికే పళ్లెం.

ఆ రోజుల్లోనే అక్కకు జమ్మికుంట సంబంధం వచ్చింది. అబ్బాయిది పత్తి మార్కెట్ యార్డులో పని. పిల్ల ఫోటో పంపితే చూసి, నచ్చితే వస్తామన్నారు. అక్కకు అబ్బాయి సంగతి తెలియదు గాని ఊరు నచ్చింది. "గా ఊర్ల ఉతికిన బట్ట తెల్లగనే ఆరుతదట తమ్మీ" అనేది. (మా క్వార్టర్ల లైన్లో పొద్దున ఆరేసిన తెల్లచీర బొగ్గు దుమ్ముకు మధ్యాహ్నానికి బూడిదరంగుకు వచ్చేది.) అందుకే, నేను ఫోటో తీశాక, అది కడిగించే విషయంలో పట్టుబట్టింది. "రీలు కరీంనగర్ స్టూడియోకు పంపు. ఎనిమిది రోజులైతే కానియ్యి."

"ఇంట్ల మిషిని పెట్టుకొని బయటోళ్లకిస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాను.

"నీ ఇజ్జత్ కోసం నా మొఖం ఖరాబ్ చెయ్యకు" అంది. కానీ రీలు నా దగ్గరే ఉంది కదా. ఆ మధ్యాహ్నమే బాత్రూంలో దూరాను.

మొదటి ఫోటో అద్భుతంగా వచ్చింది. రెండోదానికి కాగితాల కట్ట విప్పానో లేదో, మొదటి షిఫ్టు దిగిన బాపు తలుపు కొట్టాడు. "తియ్యకు బాపూ, ఎలుగు వడితే కాగితం నల్లగైతది" అన్నాను. "నేను పొద్దుగాల్నే నల్లగైన. తియ్యిరా." జర ఆగమన్నాను. "ఎంతసేపాగాలె? లోపట గుడ్లు పొదుగుతున్నవా?" అంటూ తలుపు ఒక్క తోపు తోశాడు. గడియ ఊడింది, వెలుగు వచ్చింది, కట్టలోని కాగితాలన్నీ పనికిరాకుండా పోయాయి. బాపు స్నానం చేశాడు.

మిగిలిన ఆ ఒక్క ఫోటోను ముంగిట్లో దండేనికి క్లిప్పు పెట్టి ఆరేశాను. ముందు రోడ్డు మీద బొగ్గు లారీలు తిరుగుతాయన్న సంగతి ఇంగ్లీషు పుస్తకంలో లేదు. ఆరాక చూస్తే అక్క కుడి చెంప మీద నల్లటి చుక్క. తడిలో అంటుకున్న బొగ్గురవ్వ. గోటితో గీకితే ఇంకా గుండ్రంగా కుదురుకుంది. నేను ఏడుపు మొఖం పెడితే అవ్వ, "ఉండనియ్యిరా, దిష్టిచుక్క లెక్కుంది" అంది. అక్కకు చూపించకుండా పోస్టు చేశాను.

పదిహేను రోజులకు అబ్బాయి, వాళ్ల అవ్వ వచ్చారు. లోపల చోటు చాలక ముంగిట్లోనే చాప వేశాం. ఆమె సంచిలోంచి ఫోటో తీసి, అక్క గడ్డం పట్టుకుని వెలుగుకు తిప్పి చూసి, "మచ్చేది వదినె?" అని మా అవ్వను అడిగింది. "కుడి చెంప మీద మచ్చున్న పిల్ల అడుగువెడితే ఇల్లు నిండుతదని పంచాంగం సూసి మా అయ్యగారు చెప్పిండు. గందుకే ఇంత దూరం వచ్చినం. ఫోటో ఒకల్ది పంపి పిల్లనొకల్ని సూపెడుతున్నరా?"

అక్క నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. నేను లేచి మందునీళ్లు, తడి కాగితం, లారీలు అన్నీ వివరించాను. ఎంత వివరిస్తే అంత దొంగలా కనిపించాను. బాపు సాయం చేయబోయి, "నిజమే చెల్లె, మావోడే బాత్రూంల కడిగిండు" అన్నాడు. "బాత్రూంలనా?" అంటూ ఆమె ఫోటోను దూరంగా పట్టుకుంది.

అంతలో రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. అక్క మెల్లగా లోపలికి పోయి, అద్దం తెచ్చి అబ్బాయి వాళ్ల అవ్వ చేతిలో పెట్టింది. "ఫోటోల మచ్చ గిట్లనే వచ్చింది అత్తా." ఆమె చెంప మీద నల్లటి చుక్క. కొంగుతో తుడిస్తే ముక్కు దాకా పాకింది. అప్పటిదాకా తలవంచుకుని కూర్చున్న అబ్బాయి, "నీకు గూడ వచ్చిందే అవ్వా. ఇగ మనిల్లు రెండుమార్లు నిండుతది" అన్నాడు. ముందు నవ్వింది ఆమే. ఆ నవ్వులోనే సంబంధం ఖాయమైంది. ఆ ఫోటో మా బావ చొక్కా జేబులోనే ఉండిపోయింది. బావ పోయి రెండేళ్లు. అంచులు అరిగిన ఆ ఫోటోనే ఇప్పుడు అక్క పెద్దది చేయించమన్నది.

నా సలహా ప్రకారమే బయటికి పంపారు. చక్కటి అట్టపెట్టెలో వచ్చింది. మనవరాలూ నేనూ జమ్మికుంట పోయి ఇస్తే, అక్క కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఎవల్రా గీమె? మచ్చేది?" అంది. వాళ్లు మడతలతోపాటు మచ్చ కూడా తుడిచేశారు. అడగని పని చేయమని వాళ్లకు ఎవరు చెప్పారు? "ఇంట్ల తీస్తే మచ్చ ఉండేది గద తాతా" అంది మనవరాలు. నేను జేబులోని నల్ల పెన్ను తీశాను. ఈ పనిలో అనుభవం ఉన్నవాణ్ణి కదా, జాగ్రత్తగా ఒక చుక్క పెట్టాను. తీరా పాత ఫోటో పక్కన పెట్టి చూస్తే, ఎడమ చెంప మీద పెట్టాను. (నెగెటివ్‌ను తిప్పి చూసిన అలవాటు కావచ్చు. కళ్లు సరిగా కనిపించక అనుకునేవాళ్లు అలాగే అనుకోండి.)

అక్క ఫోటోను కళ్లకు దగ్గరగా పట్టుకుని చూసింది. "ఉండనియ్యిరా, దిష్టిచుక్క లెక్కుంది" అంది.

ఇప్పుడది ఆమె గోడ మీద ఉంది. ఫోటో ఎక్కడ వేయించావని ఎవరైనా అడిగితే, "మా తమ్ముడే కడిగిండు" అని చెబుతోందట. నేనూ కాదనడం లేదు.