ఫస్లీ లెక్క

అరవై తొమ్మిది నాటి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం చల్లబడి బడి తెరిచాక చరిత్ర సారు మాకొక వ్యాసం పెట్టారు. నెలల తరబడి తరగతులు లేక చదివింది కూడా మరిచిపోయి ఉన్నాం. పాఠ్యపుస్తకం ముట్టుకోవద్దు, ఇంట్లో ఉన్న పాత కాగితం ఏదైనా తీసి, అందులో ఏముందో దాన్నిబట్టే మీ ఊరి చరిత్ర రాయండి అన్నారు. బాగా రాసినవాళ్లు బడి మొత్తం ముందు చదవాలి. తరగతిలో అప్పటిదాకా మొదటి పేరు నాదే కాబట్టి చదివేది కూడా నేనేనని తేల్చేసుకున్నాను.

తీరా ఇంటికి వచ్చి వెతికితే కాగితమే లేదు. చేవెళ్లలో మాది కిరాయి ఇల్లు. మా తాతలకు గుంట భూమి లేదు. భూమి లేని ఇంట్లో పాత కాగితం ఎక్కడినుంచి వస్తుంది? మా తరగతిలోనే మొయినాబాద్ నుంచి బస్సులో వచ్చే పిల్ల ఒకతి ఉండేది. వాళ్ల తాత ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ. ఆయనా లేడు, ఆమె చిన్నప్పుడే తండ్రీ పోయాడు గానీ, ఇంట్లో ఇనప్పెట్టె నిండా కాగితాలున్నాయట. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. ఉన్న ఊరట ఒక్కటే. అవన్నీ ఉర్దూలో ఉన్నాయి, వాళ్లింట్లో చదివేవాళ్లు లేరు.

చదివే మనిషి మా ఇంట్లో ఉన్నాడు. మా నాన్న, బాపు, తహసీలు కచేరీలో గుమాస్తా. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నవాడు. కచేరీ రాతకోతలు మారిపోయాక ఆయన ఉర్దూ ఎవరికీ అక్కర్లేకపోయింది. ఎక్కడినుంచో వచ్చిన కుర్రవాళ్లు ఆయన పై కుర్చీల్లో కూర్చున్నారు. ఊరంతా నినాదాలిస్తున్నప్పుడు కూడా బాపు నోరు విప్పలేదు. ఇంట్లో మాతో మాటలూ అంతంతమాత్రమే.

ఒక ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి ఆ పిల్ల మా అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో రుమాల్లో కట్టిన కాగితాల మూట. సారే మా ఇల్లు చూపించారట. జర ఇవి చదివి చెప్పమని బాపును అడిగింది. బాపు చర్చికి వేసుకున్న అంగీ కూడా మార్చలేదు. అద్దాలు తుడుచుకుని అక్కడే కూర్చున్నాడు.

అట్లాంటి బాపును నేనెప్పుడూ చూడలేదు. ఒక్కో కాగితాన్ని వెలుతురుకు పట్టి, గొంతెత్తి ఉర్దూలో చదివి, తెలుగులో విడమరిచి చెబుతున్నాడు. ఎవరిదో దస్తూరి చూసి ముచ్చటపడుతున్నాడు. మధ్యలో నవ్వుతున్నాడు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ చాయ్ ఇచ్చి రమ్మంటే గ్లాసులు ఠప్పున పెట్టి వచ్చేశాను. బయట వాళ్లిద్దరూ ఏవో లెక్కలు కలుపుతున్నారు. అవి చెవిన పడకూడదని బియ్యం చాట ముందేసుకుని గట్టిగా చెరిగాను.

పై ఆదివారం మళ్లీ వచ్చింది. ఆ పైన కూడా. మొదట కాక అని పిలిచిన పిల్ల, మూడోసారికి బాపు అనడం మొదలుపెట్టింది. మావైపు పెద్దవాళ్లను అట్లా పిలవడం కొత్తేమీ కాదు. ఆ సంగతి తెలిసి కూడా భరించలేకపోయాను. పెట్టె ఆమెది, కాగితాలు ఆమెవి, మాకున్న ఒక్క బాపు కూడా ఆమెకేనా?

ఆ కసితోనే బస్సెక్కి మొయినాబాద్‌లో ఉన్న అమ్మమ్మ దగ్గరికి పోయాను. పాత కాగితం కావాలంటే ఆమె చాలాసేపు ఆలోచించి, ఉట్టి మీది బుట్టలోంచి ఒక రసీదు తీసిచ్చింది. బర్లు మేపుకున్నందుకు పన్ను కట్టిన రసీదట. వాళ్లత్త ఇచ్చిందట, ఆ అత్తకు వాళ్లత్త ఇచ్చిందట. ఉర్దూ అక్షరాలు నాకు రావు కానీ, పాత మైలురాళ్లు చూసి చూసి అంకెలు వచ్చు. ముద్ర పక్కన ఉన్న సంవత్సరం కూడబలుక్కున్నాను. పదమూడు వందల ఇరవై చిల్లర! పట్వారీ మనవరాలి కాగితాలు ఎంత పాతవైనా వాళ్ల తాత కాలానివి. నాది ఆరు వందల ఏళ్లు దాటింది. తిరుగు బస్సులో నా కాళ్లు నేల మీద లేవు. బాపుకు మాత్రం చూపించలేదు. చూపిస్తే ఆమెకు చెప్పేస్తాడు.

కాకతీయ ప్రభువుల కాలంలోనే మా పూర్వులు మొయినాబాద్‌లో బర్లు మేపి, పన్ను కట్టి, రసీదు పుచ్చుకున్నారని నాలుగు పేజీలు రాశాను. సారు వ్యాసం చదివి, రసీదు అటూ ఇటూ తిప్పి చూశారు.

"కాకతీయులు ఉర్దూల రసీదు ఇచ్చిండ్రా బిడ్డా?"

తరగతి గొల్లుమంది. ముందు బెంచీలోంచి ఆ పిల్ల ఒక్కతే నవ్వకుండా నావైపు తిరిగింది.

"అది ఫస్లీ సంవత్సరం. నిజాం సర్కారు లెక్క. ఇప్పటి లెక్కల కావాల్నంటే దానికి అయిదు వందల తొంభై కలపాలె. బాపు చెప్పలేదా నీకు?"

గొంతులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. బడి అందరి ముందు తన వ్యాసం ఆమే చదివింది. నేను చప్పట్లు కొట్టలేదు.

ఇంటికొచ్చి రసీదు ఉండచుట్టి మూలకు విసిరాను. బాపు దాన్ని తీసి, తొడ మీద పెట్టుకుని అరచేత్తో సాపు చేస్తూ నిదానంగా అడిగాడు.

"నన్నెందుకు అడగలే?"

"నువ్వు ఆమెకు సదివి చెప్తున్నవ్ గద. నాకెన్నడన్న చెప్పినవా?"

బాపుకు నేను ఎదురు మాట్లాడడం అదే మొదటిసారి. బాపుకు కోపం రాలేదు.

"ఆమె అడిగింది బిడ్డా. ఇన్నేండ్లకు ఒకలు అడిగిన్రు," అన్నాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే అరుగు మీద బాపు పక్కన నేనే ముందు కూర్చుని రసీదు చేతికిచ్చాను. సంవత్సరం దగ్గర ఆగి నన్నే కూడమన్నాడు. కూడుతుండగా ఆ పిల్ల మిగిలిన కాగితాలతో వచ్చి, బాపూ అంది. బాపు తలెత్తేలోపే నేనన్నాను:

"బాపు నాది సదువుతున్నడు. కూసో, నీది తర్వాత."

ఉన్నది నాలుగు వరుసల రసీదు. పొద్దుగూకేదాకా చదివించుకున్నాను.