రాహేలమ్మ గారి డాన్స్ ప్యాడ్

ఈ ఫిబ్రవరి తొమ్మిదో తేదీ, సోమవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా వీధి మలుపులో టమాటాలు తూయించుకుంటున్నాను. రాత్రంతా మిర్చి లారీలు నడిచినట్టున్నాయి, గాలిలో ఇంకా ఘాటు ఉంది. బండి మీది కాటా సన్నగా కీచుమంది. అంకెలు ఎగురుతుండగానే కూరగాయలతను సంచి అందుకోబోయాడు. నా చెయ్యి దానంతటదే లేచి అతన్ని ఆపింది. "కుదురుకోనీ నాయనా" అన్నాను. అన్న తరువాత ఆ మాట నాది కాదని గుర్తొచ్చింది. నరసరావుపేటలో ఇరవై ఆరేళ్ళపాటు నాకు జీతమిచ్చిన రాహేలమ్మ గారిది. ఇంటికి వచ్చి టమాటాలు కడగకుండానే ఇది రాయడానికి కూర్చున్నాను.

రాహేలమ్మ గారిది కాటాల కొట్టు. కొత్తవి అమ్మడం, పాడైనవి బాగుచేయడం, మిర్చి కొనే చోట్లా పత్తి మిల్లుల్లోనూ పెద్ద కాటాలు సరిచూసి రావడం. భర్త పోయాక మూసేస్తుందనుకున్నారు అందరూ. ఆవిడ మూయలేదు, పని నేర్చుకుంది. లెక్కలు రాయడానికి నన్ను పెట్టుకుంది. నేను వయసులో పెద్దదాన్ని కనుక అక్కా అని పిలిచేది. నేను మాత్రం చివరిదాకా గారు వదల్లేదు.

చేరిన మొదటి వారంలోనే గురజాల వైపు ఒక మిర్చి కళ్ళానికి వెంటబెట్టుకుపోయింది. బస్తా కాటా మీద పడగానే కనబడిన అంకె నేను రాసేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఆగక్కా. విసిరిన బస్తా ఎక్కువ చూపిద్ది, మెల్లగా దించింది తక్కువ చూపిద్ది. అంకె కుదురుకోకముందు రాస్తే ఎవడో ఒకడు మునుగుతాడు" అంది. కొనుగోలుదారుడు పొద్దుపోతోందని విసుక్కున్నాడు. ఆవిడ వినలేదు. అతను మళ్ళీ మమ్మల్ని పిలవలేదు, ఆవిడ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేను మాత్రం ఆ ఆగడం నేర్చుకున్నాను. కోపం వచ్చినా, ఎవరైనా ఏదైనా అడిగినా, లోపల అంకె నిలబడేదాకా మాట్లాడేదాన్ని కాదు. నాకు నిదానస్తురాలన్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

ఆవిడకు ఒక్కతే కూతురు, దీవెన. నన్ను పెద్దమ్మా అనేది. హైదరాబాదులో ఉద్యోగం చేసేది. ప్రతి శనివారం అక్కడొక మాల్‌లో డాన్స్ గేమ్ మెషీన్ ఎక్కేదట. తెర మీద బాణాలు పాటకు తగ్గట్టు పైకి వస్తుంటాయి. కాళ్ళ కింద నాలుగు పలకలుంటాయి, ముందుకొకటి, వెనక్కొకటి, కుడికీ ఎడమకీ ఒక్కొక్కటి. బాణం గీతను తాకిన క్షణానికే దానికి సరిపోయే పలక మీద కాలు పడాలి. ముందు పడినా తప్పే, వెనక పడినా తప్పే. ఆ మెషీన్ మీద పాయింట్ల పట్టికలో తన పేరే అందరికన్నా పైన ఉండేదని దీవెనే చెప్పింది, గొప్ప కోసం కాదు, నేను అడిగాను కనుక.

కిడ్నీలు చెడి ఉద్యోగం మాని ఇంటికొచ్చింది. వారానికి మూడు రోజులు డయాలసిస్. మిగతా రోజుల్లో కాస్త నడవొచ్చు, అలసిపోకుండా కాస్త ఆడొచ్చు అన్నాడు డాక్టరు. 2022 జూన్ పదకొండు, శనివారం, సాయంత్రం నాలుగు దాటి ఐదు నిమిషాలకు దీవెన కొట్టులోకి వచ్చి బల్ల మీద కూర్చుంది. టీవీకి తగిలించే గేమ్ పెట్టె ఆమె దగ్గరుంది. దానికి ఆన్‌లైన్‌లో తెప్పించిన మెత్తటి చాప కూడా ఉంది. కానీ ఆ చాప టైల్స్ మీద జారుతుంది, ముడతలు పడుతుంది, నొక్కినా తెలుసుకోదు. మాల్‌లో ఉన్నట్టే గట్టి ఇనుప ప్యాడ్ కావాలంది, వెనక పట్టుకోడానికి కడ్డీతో.

"ఒక్క పాటమ్మా. మొదటి నుంచి చివరిదాకా, నిలబడి. కాళ్ళు ఆడుతున్నప్పుడే" అంది.

అలాంటివి విదేశాల నుంచి తెప్పించుకోవాలి. బరువైన సామాను, ఎప్పటికి చేరుతుందో చెప్పలేమన్నారు. రాహేలమ్మ గారు ఫోన్‌లో దాని బొమ్మ పెద్దది చేసి చాలాసేపు చూసింది. "ఇది కాటానే గదా. నిలబడితే బరువు తెలుసుకోవాల, అంతేగా" అంది.

చట్రం వెల్డింగ్ చేయించింది. నాలుగు స్టీలు పలకలు కోయించింది. పాత కాటాల్లో బరువును పసిగట్టే భాగాలు తీసి ఒక్కో పలక కింద అమర్చింది. బరువు లెక్కగట్టే వాటి సర్క్యూట్ బోర్డులూ అవే పెట్టింది. గేమ్ పెట్టెకు కలిపే తీగల పని దీవెన మంచం మీద కూర్చునే చేసింది. రాహేలమ్మ గారు పలకల పని పైపైన చేయలేదు. తూకపు రాళ్ళు పెట్టి ప్రతి పలకా మూల మూలకీ సరిచూసింది. ఒక మూల కాస్త తేడా చూపితే విప్పి మళ్ళీ బిగించింది. ఆగస్టు చివరికి పూర్తయింది. ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. నేను చట్రం మూల చిన్న కుంకుమ బొట్టు పెట్టాను.

దీవెన ఎక్కింది. పాట మొదలైంది. తెర మీద ప్రతి బాణానికీ తప్పు అని పడింది. రెండో రోజూ అంతే, ఆ వారమంతా అంతే. మొదట్లో నవ్వింది. "మీ ఇద్దరి దేవుళ్ళూ కలిసొచ్చినా నాకొక్క బాణం పడట్లేదే పెద్దమ్మా" అంది. తరువాత నవ్వడం మానేసింది. ప్యాడ్‌లో తప్పుంటుందని మా ఎవరికీ తోచలేదు. అమ్మ సరిచూసిన కాటా అది, తప్పెలా చూపుతుంది? తన కాళ్ళే ఆలస్యమవుతున్నాయనుకుంది ఆ పిల్ల. జబ్బు కాళ్ళదాకా వచ్చిందనుకుంది. సాధన చేసేకొద్దీ పాదాలు వాచేవి. ఒకరోజు కడ్డీ పట్టుకుని నిలబడి తన కాళ్ళను తానే తిట్టుకుంటుంటే, వినలేక నేను పెరట్లోకి వెళ్ళిపోయాను.

అక్టోబరు చివర్లో ఒక మధ్యాహ్నం రాహేలమ్మ గారు భోజనం చేస్తూ చేస్తూ లేచింది. దీవెన ఆడుతోంది. ఆవిడ తెర చూడలేదు, కూతురి మొహమూ చూడలేదు. ఎంగిలి చేత్తోనే నేల మీద కూర్చుని, చట్రం పక్కన కాటా బోర్డు మీది చిన్న దీపం చూసింది. కాలు పడింది. దీపం వెలగలేదు. ఒక ఊపిరి తరువాత వెలిగింది. మళ్ళీ కాలు, మళ్ళీ ఆ ఊపిరి.

"దిగు తల్లీ. నీ కాళ్ళు కాదు" అంది. తరువాత నావైపు తిరిగి, "మన కాటానే అక్కా. కుదురుకునేదాకా ఆగుతోంది" అంది.

మంచి కాటా చేసే పనే అది చేస్తోంది. బరువు నిలకడగా ఉందని తేల్చుకున్నాకే అవునంటోంది. ఆటకేమో కాలు తగిలిన క్షణం కావాలి, ఎంత బరువో అక్కర్లేదు. ఆ బోర్డులు తీసేసి వేరేవి పెట్టాలి. ఆవిడ అదే రోజు ఆర్డరు పెట్టింది. అవి రావడానికీ, బిగించడానికీ నవంబరు చివరి వారమైంది. ఆ మధ్యలో దీవెన రెండుసార్లు ఆస్పత్రిలో చేరి వచ్చింది.

నవంబరు ఇరవై ఏడు, ఆదివారం. చర్చి నుంచి వచ్చాక తల్లి ఒక వైపూ నేను ఒక వైపూ పట్టుకుని ఎక్కించాం. వెనక కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. మొదటి బాణం పడింది. రెండోది పడింది. తరువాత వరసగా పడుతూనే ఉన్నాయి, స్టీలు పలకల మీద ఉత్త పాదాల చప్పుడు పాటతో కలిసిపోయింది. ఆ పిల్ల వెనక్కి తిరగకుండానే అంది:

"అమ్మా, నా కాళ్ళు బాగానే ఉన్నయ్యే."

పాట సగంలో మోకాళ్ళు వంగాయి. కింద పడనివ్వలేదు, పట్టుకున్నాం. మిగతా బాణాలు ఎవరూ తొక్కకుండానే తెర దాటి పోయాయి. రేపు మళ్ళీ ఆడతానంది. మళ్ళీ నిలబడలేదు. జనవరిలో సమాధుల తోటకు తీసుకెళ్ళాం.

ఆ తరువాత రాహేలమ్మ గారు కొట్టు తీసింది గానీ కాటాల దగ్గరకు వెళ్ళేది కాదు. ఒకసారి మాత్రం అడిగింది. "మొదటిరోజే పిల్ల కాళ్ళను నమ్మకుండా కాటాని నమ్మానేందక్కా?" నేను జవాబు చెప్పలేదు. జవాబు కుదురుకునేదాకా ఆగుతున్నాననుకుంది కాబోలు, ఎదురుచూసింది. అది ఇంకా కుదురుకోలేదు. నిరుడు ఆవిడా పోయింది, కొట్టు మూతపడింది. ప్యాడ్ నాకివ్వమని చెప్పిందట. మా వరండాలో గోడవారన ఉంది.

తూకం దగ్గర ఇప్పటికీ ఆగుతాను. మనుషుల దగ్గర ఆగడం మానేశాను. మొన్న మాచర్ల నుంచి మా చెల్లెలు ఫోన్ చేసి, ఏం లేదక్కా, కాస్త నీరసం అంది. గొంతు విన్నాను, చెప్పులేసుకున్నాను, తరువాతి బస్సెక్కాను. అక్కడికి వెళితే నిజంగానే కాస్త నీరసమే. ఏందక్కా ఇంత దూరం పరుగెత్తుకొచ్చావు అని నవ్వింది. నవ్వనీ అనుకున్నాను.

లెక్క రాయడం నా పని కనుక పోయినవి రాస్తున్నాను. ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఒకతె. ఆమె తల్లి. కాటాల కొట్టు ఒకటి. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు చివరిదాకా, ఏ తప్పూ లేని కాళ్ళను తిట్టుకున్న రెండు నెలలు. ఒక పాటలో రెండో సగం.