పళ్ళతో విన్న మనిషి

పెద్దబాపు పోయారన్న కబురు నాకు కాలేజీ హాస్టలు వాకిట్లో అందింది. మరునాటి వక్తృత్వ పోటీకి రాసుకున్న కాగితాలు అప్పుడు నా చేతిలోనే ఉన్నాయి. ఊరి నుంచి వచ్చిన అన్న గేటు లోపలికి రాలేదు. "పెద్దబాపు పోయిండు. పొద్దుగాల చాయ తాగి మంచంల ఒరిగిండు. మళ్ల లేవలే" అన్నాడు. దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదని, వ్యాను ఉండగా ఊరంతా ఏం చేస్తున్నదని నేను గద్దించాను. అన్న నా ముఖం చూడకుండానే జవాబిచ్చాడు.

"తోలెటోడే పడిపోతె ఎవరు తోలాలె?"

ఆ ప్రశ్నకు ఉన్న ఒక్క సమాధానమూ నా మీదికే తిరుగుతుంది. దాని దగ్గరికి వస్తాను.

పోయినవారిని పొగడటం తేలిక. వారు లేచి ఖండించరు. ఎదుటివాడు ఖండించలేని వాదన మీద నాకు ఏనాడూ గౌరవం లేదు. కాబట్టి చదువరులు ఇక్కడ ఒక మహనీయుణ్ణి వెదకవద్దు. నేను చెప్పదలచినది చిన్న సంగతి. ఒక పాత వ్యానును మేమిద్దరం బాగుచేశాం. ఆ పనిలో ఆయన నాతో ఒక్కసారీ వాదించలేదు. అయినా నేను ఓడిపోయాను.

ఆయన మా నాన్నకు అన్న. భార్యాబిడ్డలు లేరు. పడుచుతనంలో ఎంకపల్లి నుంచి నగరానికి పోయి ఒక మోటారు కార్ఖానాలో చేరారు. అక్కడి ఇనుప రేకుల మీద పడిన సుత్తి దెబ్బలు ముప్పై ఏళ్లలో ఆయన వినికిడిని కొంచెం కొంచెంగా తినేశాయి. ఊరికి తిరిగివచ్చేనాటికి చెవిలో అరిస్తే తప్ప మాట అందేది కాదు. ఎవరేమి చెప్పినా "అట్లనా" అనేవారు. ఆ "అట్లనా" ఒప్పుకోలో, వినబడలేదనడమో ఎవరికీ తెలిసేది కాదు. ఆదివారం చర్చిలో చివరి బల్ల ఆయనది. పాట మొదలైతే అరచేతిని బల్లకు ఆనించి డోలకు దరువును చెక్కలోంచి పట్టుకొని, అందరికంటే ఒక దెబ్బ ఆలస్యంగా పాడేవారు. మా ఊరివారికి ఆ ఆలస్యం కూడా పాటలో భాగమే.

వ్యాను బాగుచేయడానికి రెండేళ్ల ముందు మా వదినకు తొలి కాన్పు నొప్పులు వస్తే ఎడ్లబండిలో చేవెళ్ల దవాఖానకు బయలుదేరారు. బండి తోలినది పెద్దబాపు. బిడ్డ దారిలోనే పుట్టి, దారిలోనే పోయింది.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం లేచి కాలేజీలు మూతపడ్డాయి. నేను ఊరికి వచ్చాను. అప్పటికి వదినకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. నొప్పులు మొదలుకాగానే తీసుకురావాలని, ఆలస్యమైతే ఈసారి తల్లి కూడా దక్కదని చేవెళ్ల డాక్టరమ్మ చెప్పింది. రోడ్డు మీద బస్సు ఒకనాడు వస్తే మూడునాళ్లు లేదు. చర్చి వెనక ఒక పాత పెట్రోలు వ్యాను పడి ఉండేది. ఎన్నడో ఒక విదేశీ డాక్టరమ్మ తన దేశానికి వెళ్లిపోతూ వదిలినది. చక్రాల కింద రాళ్లు, సీట్లలో కోళ్లు, ముందరి జాలీలో కందిరీగలు. పెద్దబాపు పాదిరిగారిని అడిగి తాళంచెవి తెచ్చుకున్నారు. బోల్టులు విప్పే పానా ఒకటి నా చేతిలో పెట్టి, "ప్లీడరమ్మా, కాలేజి బందైంది, నోటికి పని లేకపాయె. చేతికన్న ఉండనీ" అన్నారు.

ఎవరైనా ఇంజనుతో మొదలుపెడతారు. ఆయన అద్దంతో మొదలుపెట్టారు. తాను గడ్డం గీసుకొనే అద్దాన్ని గోడ మీది నుంచి తెచ్చి, డ్రైవరు తల ముందు ఇనుప పట్టీతో బిగించారు. నన్ను వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. "నోరు తెరువు. ఆ, కనవడ్తున్నది" అన్నారు. కదలని బండికి అద్దమెందుకని నేను ఎగతాళి చేశాను. ఆనాడు ఎడ్లబండిలో వదిన పక్కనున్న మా అమ్మ ఆపమని గొంతు చించుకున్నదని, ముందు కూర్చున్న మనిషికి వినబడలేదని, దవాఖాన వాకిట్లో వెనక్కి తిరిగినప్పుడే ఆయన చూశారని నాకు అప్పటికి తెలియదు. ఆ తరువాత అమ్మ చెప్పింది. ఆయన ఎన్నడూ చెప్పలేదు.

ఇంజను తుప్పుతో బిగుసుకుపోయి ఉన్నది. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాలలో ఆముదమూ కిరసనాయిలూ కలిపి పోసి, నాలుగు రోజులు దానిని ముట్టుకోలేదు. మొదటి రోజే గడ్డపార తెచ్చి తిప్పుదామన్నాను నేను. "జర టైమియ్యి బిడ్డా. గుంజుతె ఇరుగుతది" అన్నారు. ఐదోనాడు ఫ్యాను పట్టా పట్టుకొని ఇద్దరం తిప్పితే, మూలిగి కదిలింది. మరొకనాడు, నగరంలో మావాళ్లను పోలీసులు కొట్టారని విన్న కోపంతో నేను ఒక బోల్టు బిగిస్తే మర తెగిపోయింది. ఆయన తిట్టలేదు. తెగిన బోల్టును నా అరచేతిలో పెట్టి, "ఎంత బిగియ్యాల్నో చెయ్యికి తెల్వాలె, కోపానికి గాదు" అన్నారు. అట్టముక్క కోసి, ఇంజను అతుకుల మధ్య పెట్టే గాస్కెట్టు చేశాం. ఇంజనును చల్లబరిచే జాలీలోంచి నీళ్లు కారుతుంటే పసుపు కలిపి పోశాం. వాల్వులను మజ్జిగ చిలికినట్లు అరచేతుల మధ్య తిప్పి అరగదీస్తుంటే నాకు పొక్కులు లేచాయి. "వేదిక మీద గుద్దిన చెయ్యి గద, ఏం గాదు" అని నవ్వారు.

ఇంజను మొదటిసారి మోగిననాడు ఆయన సంచిలోంచి మూరెడు తుమ్మకట్టె తీశారు. ఒక కొనను ఇంజను మీద ఆనించి, రెండో కొనను పళ్ళ మధ్య కరిచిపట్టి, కళ్ళు మూసుకున్నారు. ఆ కొన మీద ఏళ్ల తరబడి కొరికిన గుంటలు ఉన్నాయి. "చెవులు పోయినయ్ గని పండ్లు ఉన్నయ్" అన్నారు తరువాత. చప్పుడు కట్టెలోంచి పంటికీ, పంటిలోంచి పుర్రెకూ ఎక్కుతుంది. నా చేత కూడా కరిపించారు. ఏం వినబడిందని అడిగేవారు. నేను వెంటనే కట్టె తీసి, నాలుగు సిలిండర్లలో రెండోదానిలో లోపమనో మూడోదానిలో లోపమనో సభలో తీర్పు చెప్పినట్లు చెప్పేదాన్ని. ప్రతిసారీ తప్పే. ప్రతిసారీ ఒకటే మాట: "ఇంక జర సేపు విను." పళ్ళ మధ్య కట్టె ఉన్నంతసేపు మనిషి మాట్లాడలేడు. ఆయన దానిని నాకు అంత తరచుగా ఎందుకు ఇచ్చేవారో నేను ఆలోచించలేదు.

ఒక్క లోపం మిగిలిపోయింది. స్టార్టరు కాలిపోయి ఉన్నది. హ్యాండిలు తగిలించే చోటు అరిగిపోయింది. నలుగురు తోస్తే తప్ప ఇంజను అందుకోదు. అందుచేత ఆయన ఒక నియమం పెట్టారు. "ఎల్లినంక చేరేదాంక బందువెట్టొద్దు. నడిమిట్ల బందువెడ్తె తోసెటోళ్లను యాడ తెస్తం?"

బ్రేకు రబ్బర్ల కోసం మేమిద్దరం చేవెళ్లకు పోయిననాడు అక్కడ సభ జరుగుతున్నది. నన్ను మాట్లాడమన్నారు. ఉద్యోగాల అన్యాయం మీద మాట్లాడుతూ, తాను పని నేర్పినవాళ్లు ఒక్కొక్కరూ తన పై అధికారులవుతుంటే ముప్పై ఏళ్లు చేరినచోటనే మిగిలిపోయిన ఒక మెకానిక్కు కథ చెప్పాను. "ఆ మనిషి అదిగో" అని వేలు చూపాను. సభంతా వెనక్కి తిరిగింది. పొట్లం పట్టుకొని చివర నిలబడ్డ పెద్దబాపు, ఎందుకో తెలియక, నవ్వి చేయి ఎత్తారు. చప్పట్లు మోగాయి. న్యాయం దొరికేదాకా ఈ రోడ్డు మీద ఒక్క చక్రమూ కదలరాదని నేను ముగించాను.

తిరిగివచ్చేటప్పుడు ఆయన అడిగారు. "అందరు నా దిక్కు ఎందుకు చూసిండ్రు బిడ్డా?"

నీ గురించి మంచిగా చెప్పానని ఆయన చెవిలో అరిచాను.

"అట్లనా" అన్నారు. పొట్లాన్ని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు.

ఆ ఉపన్యాసంలో అబద్ధం లేదు. నేను దానిని ఈనాటికీ వెనక్కి తీసుకోను. కానీ ఆయన అడిగినదానికి నేను ఇచ్చిన జవాబులో నిజం లేదు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన నిలబడే ఉన్నాయి. ఒకటి రెండోదానిని కొట్టివేయడం లేదు.

బ్రేకు బిగించిన వారానికే, ఒక పొద్దున వదినకు నొప్పులు మొదలయ్యాయి. ఆనాడు బందు. వాడకట్టంతా కలిసి వ్యానును తోసింది. వెనక వదిన, అమ్మ, ముందు నేను, తోలుతూ, క్షణానికొకసారి అద్దం చూసుకుంటూ పెద్దబాపు. మొయినాబాదు దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్లు. పది పదిహేనుమంది పిల్లలు, అందరూ ఉద్యమంలోని మావాళ్లే. నేను దిగాను. వాళ్లు నన్ను గుర్తుపట్టారు.

"ఒక్క చక్రం గూడ కదలొద్దని నువ్వే చెప్తివి గదా అక్కా" అన్నాడు ఒకడు.

లోపల నిండు చూలాలు ఉన్నదన్న ఒక్క మాట చాలు. చదువరులారా, నేను ఆ మాట అనలేదు. నా వాక్యాన్ని నా మీదే తిప్పినవాడికి జవాబు చెప్పాలనిపించింది. నేను చెప్పినది సర్కారు బస్సుల గురించని, సొంత బండ్లకు వర్తించదని మొదలుపెట్టాను. మినహాయింపులు మొదలైతే ఉద్యమం మిగలదన్నాడు అతడు. మంచి వాదన. నేను దానిని ఖండించాను. అతడు మళ్లీ అందుకున్నాడు. ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు.

వెనక ఇంజను ఆగిపోయిన చప్పుడు వినబడింది. పెద్దబాపు దిగివచ్చారు. మా వాదన ఏదీ జరగనట్లు, ఆ పిల్లలంతా తన కోసమే నిలబడి ఉన్నట్లు, అందరి ముఖాలూ చూశారు.

"మంచిగ దొరికిండ్రు బిడ్డా. మోటరు బందైంది. లోపట ఆడిబిడ్డ నొప్పులు పడ్తున్నది. జర రాళ్లు జరిపి తొయ్యుండ్రి."

వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడే లోపలి నుంచి వదిన మూలుగు వినబడింది. నాతో వాదించినవాడే ముందుగా రాయి ఎత్తాడు. అందరూ కలిసి తోశారు. ఇంజను అందుకున్నాక కూడా కొంతదూరం పక్కన పరుగెత్తారు. చేవెళ్లలో గంటలోపే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. ఇంజను ఎందుకు ఆగిందని ఆ సాయంత్రం ఆయనను అడిగాను. "ముసల్ది గద, దానిష్టం" అన్నారు.

కాలేజీలు తెరిచినప్పుడు నేను పెట్టె సర్దుకుంటుంటే ఆయన వచ్చారు. నాలుగు రోజులు ఉంటే తోలడం నేర్పుతానన్నారు. "నాకు తప్ప దీని గుణం నీకే ఎరుక. ఇంకొగరు తోలాలె గద" అన్నారు. పోటీలు ఉన్నాయని, సెలవుల్లో నేర్చుకుంటానని చెప్పాను. "అట్లనా" అన్నారు. అన్న గేటు దగ్గర అడిగినదానికి సమాధానం ఇదే.

ఆయనను పూడ్చిపెట్టిన మరునాడు నేను చర్చి వెనక వ్యాను దగ్గర కూర్చుని ఉంటే, వదిన బిడ్డను చంకనెత్తుకొని వచ్చింది. మాటల మధ్య, ఆనాడు ఇంజను ఆగిపోవడం మన అదృష్టమని నేనన్నాను. ఆమె తల ఊపలేదు.

"అది ఆగలే. పెద్దమామనే చావి తిప్పి బందువెట్టిండు. నేను అద్దంల చూసిన. నా మొకం చూసిండు, బయట నీ దిక్కు చూసిండు, చావి తిప్పిండు."

ఆమె బిడ్డను ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకొని మళ్లీ అన్నది. "చేవెళ్లల నువ్వు చెప్పింది గూడ ఆయనకెరుకనే. వచ్చిన దినమే నన్నడిగిండు. ఊర్ల అనుకున్నదంత చెవుల చెప్పిన."

"ఏమన్నడు?"

"'నిజమే చెప్పింది. నన్నడిగి చెప్తె బాగుండు' అన్నడు. గంతే."

ఇంతకాలం నేను ఎదుర్కొన్న ఏ ప్రతివాదీ నన్ను ఇంత తక్కువ మాటలతో ఓడించలేదు. అది కూడా నా ముందు అనలేదు.

సమాధి చేయడానికి వచ్చినవారిలో మొయినాబాదు పిల్లలు ఇద్దరు ఊళ్లోనే ఆగిపోయారు. రాయి ఎత్తినవాడు వారిలో ఒకడు. నేను పోయి అడిగాను, జర తొయ్యమని. మరికొందరు వచ్చారు. నేను డ్రైవరు సీట్లో కూర్చొని, బాగుచేసేటప్పుడు ఆయన చూపినంతవరకు, తాళంచెవి తిప్పి, గేరు వేసి క్లచ్చు వదిలాను. ఇంజను అందుకున్నది. ముందుకు తోలడం రాదు కనుక ఇంజను మోగుతుండగానే అక్కడే నిలబెట్టాను. అద్దంలో వెనక బల్ల ఖాళీగా ఉన్నది.

దిగి, బానెట్టు ఎత్తి, వ్యానులోనే ఉండిపోయిన ఆయన సంచిలోంచి తుమ్మకట్టె తీశాను. ఆయన పళ్ళు తవ్విన గుంటలు నా పళ్ళకు సరిపోలేదు; అయినా అక్కడే కరిచిపట్టాను. మొదట నా గుండె చప్పుడే వినబడింది. అది తగ్గాక, లోపల ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగోది ఒక దెబ్బ ఆలస్యంగా.

ఏం వినబడుతున్నదక్కా అని ఆ పిల్లవాడు అడిగాడు. జవాబు చెప్పాలంటే కట్టె తీయాలి. నేను తీయలేదు.