బెత్తెడు వంకర

మిషనమ్మ కుట్టుమిషను కిటికీ పక్కనే ఉంటుంది. వెలుతురు కోసమని ఆవిడ అంటుంది కానీ, ఎదురింటి టైలరమ్మ గుమ్మం కనబడేది అక్కణ్ణుంచే. ఒక కాలు మిషను తొక్కుతుంటే, రెండో కాలి బొటనవేలికి కట్టిన తాడు చంటిదాని ఉయ్యాల ఊపుతుంది. పెద్దది మోచెయ్యి పట్టుకుని వేలాడుతుంది. పెదాల మధ్య గుండుసూదులు ఉంటాయి కనుక దాన్ని కళ్ళతోనే కసురుతుంది. ఎదురింటికి ఎవరైనా గుడ్డల సంచితో వెళ్ళారా, రెండు కాళ్ళూ ఒక్కసారే ఆగిపోతాయి. "దానికేం, పిల్లాణ్ణి ఎత్తుకోడానికి అత్తగారుంది" అని సూదుల సందులోంచే గొణుక్కుంటుంది.

నిన్న ఒకామె ఎదురింట్లో కుట్టించిన గౌను పట్టుకొచ్చింది. "పాపకి బిగుతైందక్కా. ఆవిడేమో ఊరెళ్ళింది. కాస్త వదులు చేసిపెట్టవూ?" ఆమె గడప దాటగానే మిషనమ్మ గౌను తిరగేసింది. కుట్టు చీమలబారులా ఉంది. వంక దొరక్క ప్రాణం ఉసూరుమంటుంటే, నడుం దగ్గర వేలు ఆగింది. అక్కడ బెత్తెడు మేర కుట్టు మెలికలు పోయి, మళ్ళీ దారిన పడింది. ఆ మెలిక మిషనమ్మకి కొత్త కాదు. కుడుతుండగా పిల్లలు మోచెయ్యి లాగితే పడేది అదే. అయితే అత్తగారున్నా అంతేనన్నమాట! ఆవిడ పెదాల మధ్య సూదులు సంతోషంగా కదిలాయి. రెండోది కూడా దొరుకుతుందేమోనని గౌనంతా తడిమింది. దొరకలేదు. ఆ పొద్దున తను కుట్టిన గౌనులో నాలుగున్నాయి. సూదులు తీసి డబ్బాలో పడేసింది.

"మొత్తం గౌనుకి ఒక్కసారేనా లాగింది వాడు!"