విరిగిన ఎర్రగీత

మా మామయ్య స్టాంపును కాజేసింది దొంగ కాదు, ఆయన ఫోర్‌మనే. మామయ్య యుద్ధవిమానాల హ్యాంగర్లో ఇన్‌స్పెక్టరు; పని తన కళ్ళతో చూసి సరిగ్గా ఉందనుకుంటేనే కాగితం మీద తన నంబరున్న ఆ స్టాంపు కొట్టేవాడు. పదిహేనేళ్ళ కిందట మామయ్య భోజనానికి వెళ్ళినప్పుడు ఆ ఫోర్‌మన్ ఆయన సొరుగులోంచి తీసి, ఆయన కంటితో కూడా చూడని పని కాగితం మీద గుద్దేశాడు. ఆ సాయంత్రమే ఆ పని జరిగిన బాంబరు విమానం ఇంజను నేలమీద అంటుకుంది. పైలట్ చేతులు కాలాయి. విచారణలో కాగితం మీదున్న నలభై ఒకటో నంబరే సాక్ష్యం చెప్పింది. ఆ నంబరు గల మనిషి మాత్రం నోరు విప్పలేదు. "సొరుగుకి తాళం వెయ్యనిది నేనే కదా" అన్నాడట అత్తయ్యతో. ఆయన్ని విడిభాగాలు కడిగే షెడ్డుకి తోసేశారు. పద్నాలుగేళ్ళు కిరసనాయిలు తొట్టి ముందు కూర్చున్నాడు.

ఆ భయం ఇంటికి కూడా వచ్చింది. విమానంలో నట్టు బిగించాక దాని మీదుగా పక్కనున్న లోహం మీదికి ఒక ఎర్రగీత గీస్తారు. నట్టు ఏ మాత్రం తిరిగినా గీత విరుగుతుంది. మామయ్య ఇంట్లో కుక్కరు పిడికీ, సీలింగు ఫ్యానుకీ, మంచం బోల్టులకీ అత్తయ్య గోళ్ళరంగుతో గీసిన గీతలే.

"ఈ ఇంట్లో రంగు లేనివి నా గోళ్ళొక్కటే" అనేది అత్తయ్య.

కిందటేడు ఆ పాత బాంబరుకే కొత్త ఇంజన్లు బిగించి, ఇంకో ముప్పయ్యేళ్ళు ఎగరేయాలని పైవాళ్ళు తీర్మానించారు. ముసలాడికి పళ్ళు కట్టిస్తున్నారని హ్యాంగరంతా నవ్వుకున్నారు. పళ్ళు కొత్తవే, దవడ మాత్రం పాతది. ఆ రెక్క లోపల ఏది ఎక్కడుందో తెలిసినవాళ్ళంతా రిటైరైపోయారు. మిగిలింది మామయ్య. తొట్టి దగ్గర్నుంచి లేపి స్టాంపు చేతికిచ్చారు. ఆయన దాన్ని గొలుసుతో నడుముకి కట్టుకున్నాడు. పాత ఫోర్‌మన్ అప్పటికి మేనేజరు. నేను అక్కడే పని కాగితాలు టైపు చేసేవాణ్ణి కాబట్టి ఇదంతా నా కళ్ళారా చూశాను.

నాలుగు ఇంజన్లూ బిగించి, ఒకరోజు పొద్దున నేలమీదే నడిపి చూశారు. చల్లారాక మామయ్య టార్చి పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. రెండో ఇంజను వెనక నట్టు మీద గీత విరిగి ఉంది. వెంట్రుకవాసి. ఆ నట్టుకి రెంచి తగలాలంటే ఇంజను దించాలి. మర్నాడే విమానం ఎగరాలి. అతిథుల కుర్చీలు కూడా వేసేశారు.

"వేడికి పెయింటు పగిలిందయ్యా" అన్నాడు మేనేజరు.

"అయ్యుండొచ్చు సార్."

"మరి కొట్టు స్టాంపు."

"దించి చూస్తాను సార్."

"దించితే రెండ్రోజులు! రేపొచ్చి కూర్చునేవాళ్ళకి ఏం చూపించమంటావ్, నీ మొహమా? తీరా దించాక నట్టు బాగానే ఉందనుకో, నువ్వు మళ్ళీ తొట్టి దగ్గరికే. ఇలా ఇవ్వు, నేను కొడతా."

చెయ్యి చాపాడు. పదిహేనేళ్ళనాటి చెయ్యే. నేను టైపు ఆపేశాను. అప్పుడు కొట్టింది కూడా మీరే కదా అని ఇప్పుడైనా అంటాడని చూశాను. మామయ్య నుదురంతా చెమట. రెండు చేతులతో గొలుసుని గట్టిగా పట్టుకున్నాడు.

"మన్నించండి సార్. గొలుసు రాదు" అన్నాడు.

ఇంజను దించారు. ఆ రెండ్రోజులూ నేను నట్టు వదులుగా ఉంటే చాలని ఎదురుచూశాను. ఐదుగురు మనుషులు ఎగిరే విమానంలో నట్టు వదులుగా ఉండాలని! చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

నట్టు ఎంత బిగువుండాలో అంతే ఉంది. పగిలింది పెయింటే. మామయ్య కొత్త గీత గీసి, స్టాంపు కొట్టాడు. మూడో రోజు విమానం ఖాళీ కుర్చీల మీదుగా ఎగిరి, క్షేమంగా దిగింది. సోమవారం ఆయన్ని తొట్టి దగ్గరికి పంపేశారు.

కిందటి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి కడిగేశాను.

"ఏం సాధించావు మామయ్యా? నట్టు బాగానే ఉంది. ఆ మేనేజరు కుర్చీ బాగానే ఉంది. నువ్వే మళ్ళీ కిరసనాయిల్లో."

ఆయన కుక్కరు పిడి మీది గీతని బొటనవేలితో తుడిచి, వెలుగుకేసి తిప్పి చూసుకున్నాడు.

"బిగువుగా ఉందని అప్పటిదాకా అనుకున్నాంరా" అన్నాడు. "ఇప్పుడు తెలుసు."